సీమ ద్రాక్షసారా రుచి

గట్టుకింది దొరకు సముద్రాల అవతలి సీమ నుంచి ద్రాక్షసారా సీసాలు వచ్చాయి. "ఏడు తరాలుగా ఒకే కుటుంబం, ఒకే తోట. అందుకే ఇంత రుచి" అని విందులో దొర ఒకటే గొప్పలు. అతిథులు గ్లాసులు తిప్పి, వాసన చూసి, ఒకరు పూలన్నారు, ఒకరు తేనె అన్నారు.

వాకిట్లో కల్లుగీసే కాటమయ్య నిలబడి ఉన్నాడు. ఒక్క గుక్క తాగితే అది ఏ చెట్టు కల్లో చెప్పగల మనిషి. అతని తాతలనాటి తాటివనాన్ని దొర నిరుడే లాక్కున్నాడు. నవ్వులాటకు అతని దోసిట్లో కాస్త పోయించి, "ఏం తెలిసిందిరా?" అని అడిగాడు దొర.

కాటమయ్య నెమ్మదిగా మింగాడు. "ఆ ఊళ్లె దొర లేడని తెలిసింది, దొరా."

"ఎట్లా?"

"ఉంటే, ఏడు తరాలు తోట వాళ్ల చేతుల్ల ఉంటదా?"