తేనె పోసిన చేతులు

దగ్గరకు జరగండి తల్లీ, వెనకనున్న అయ్యలు కూడా ముందుకు రండి. గొంతెత్తి చెప్పే కథ కాదిది.

పూర్వం రోమనుల రేవు పట్టణంలో మిత్రదేవుణ్ణి కొలిచేవాళ్లు నేలకింద గుహలో కలుసుకునేవారు. ఆ భక్తికి ఏడు మెట్లు. కొత్తగా చేరినవాడు కాకి; ఎంత గొప్పవాడైనా అందరికీ వడ్డించాలి. నాలుగో మెట్టెక్కినవాడు సింహం. అతని చేతులు నీళ్లతో కాదు, తేనెతో కడుగుతారు. ఇక ఆ చేతులు ఎవరినీ నొప్పించకూడదు. ఆ గుహకు పెద్ద వెట్టియస్. ఒకనాడు శిష్యుడు కాల్వస్ ఆయన్ని నిలదీశాడు: "తండ్రీ, ఇక్కడ యజమానీ బానిసా ఒకే అరుగు మీద తింటారు. బయటికెళ్తే మళ్లీ యజమాని యజమానే, బానిస బానిసే. మరి ఈ గుహ దేనికి?"

వెట్టియస్ నవ్వి, జరిగిన సంగతొకటి చెప్పాడు.

నూనె వర్తకుడు హెరెన్నియస్ గుహలో కాకి. అతని బానిస అగాథో సింహం. పండగనాడు ఆ బానిస చేతుల మీద యజమానే తేనె పోశాడు. మర్నాడు రేవులో ఒక కూలివాడు నూనె జాడీ జారవిడిచి పగలగొట్టాడు. హెరెన్నియస్ మండిపడి, కొరడా తీసి అగాథో వైపు చాచాడు. "వీడికి నాలుగు తగిలించు!"

అగాథో అందుకోలేదు. మాట వినని బానిసను గనులకు అమ్మేసే రోజులవి; అక్కడికి వెళ్లినవాడు తిరిగొచ్చేది లేదు. అయినా అన్నాడు: "దొరా, ఈ చేతులకు తేనె పోసింది తమరే."

"పోశానులే! అయితే నేనే కొడతాను, చూస్తూ ఉండు!"

"కొట్టండి దొరా. తమరి చేతులింకా కడగలేదు కదా."

మూటలు మోసేవాళ్లు ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. హెరెన్నియస్ తన చెయ్యి చూసుకున్నాడు. గోటి సందున నిన్నటి తేనె ఇంకా జిగటగానే ఉంది.

"సింహం కావాలంటే నాకింకా ఎన్ని మెట్లురా?" అన్నాడు గొంతు తగ్గించి.

"మూడు, కాకిగారూ," అన్నాడు అగాథో, అతనొక్కడికే వినబడేలా.

హెరెన్నియస్‌కు నవ్వాగలేదు. కొరడా పక్కన పడేసి, బట్ట అంచు నూనెలో నానుతుంటే వంగి, తానే పెంకులేరడం మొదలుపెట్టాడు.

"అయితే అగాథోను విడుదల చేశాడా?" అన్నాడు కాల్వస్.

"ఇంకా లేదు," అన్నాడు వెట్టియస్. "మన గుహ కప్పు ఎత్తు తక్కువ నాయనా, లోపల ఎవడైనా వంగుతాడు. అతను బయట, ఎండలో వంగాడు."

అమ్మలారా, అయ్యలారా, ఈ పేర్లు మరిచిపోయినా ఫరవాలేదు. పెంకులేరడానికి వంగిన ఆ నడుమును మాత్రం గుర్తుంచుకోండి. రేపు మీ ఇంట్లో ఎవరి చేతిలోంచైనా ఏదైనా జారి పగిలితే, ముందు మీరు వంగండి.