చూద్దాం అనని ఊరు

ఊఁ కొట్టేవాళ్ళుంటేనే చెబుతాను. మధ్యలో మీరు ఆపితే నేనూ ఆపేస్తాను. ఆ తర్వాత దాలమ్మ మీ ఇంటికొస్తే నన్నడక్కండి.

సముద్రానికి ఇంకా ఇంత ఉప్పెక్కని రోజుల్లో, రాజెవరో ఊరికి తెలియని రోజుల్లో, ఒడ్డున ఒక పల్లె ఉండేది. పల్లె చివర ఇసకలో వారం వారం చేపల సంత. ఆ సంతకి పెద్ద బంగారయ్య. మంచివాడు. అందరికీ మంచివాడు. అక్కడే వచ్చింది చిక్కు.

ఒక ఎండాకాలం సంతలో కుళ్ళిన చేప అమ్మారు. ఎవరమ్మారంటే ఎవరు చెబుతారు? తిన్నవాళ్ళకి వాంతి, భేది. పాడె వెనక పాడె లేచింది. పాడెకి వెదురు చాలక పడవల తెడ్లు కట్టారు. దాలమ్మకున్న ఒక్కగానొక్క కూతురు ఆ తెడ్ల మీదే వెళ్ళిపోయింది.

దాలమ్మంటే ఎవరో గొప్పావిడ కాదు. పిడకల దాలి మీద చేపలు పొగబెట్టి అమ్ముకునే మనిషి. టేకు చేప విషపు ముల్లు గుచ్చుకుని కుడిచేతి చిటికెన వేలు పోయింది. నాలుగు వేళ్ళ చెయ్యి.

ఏడుపులు తగ్గాక పెద్దలు కూర్చున్నారు. "ఇక మీద ప్రతి గంపా ఒకరు చూడాలి. చెడిపోయిన చేప మీద బూడిద కొట్టాలి. బూడిద పడ్డ చేప అమ్మకూడదు, పాతెయ్యాలి" అనుకున్నారు.

"బాగానే ఉంది. చూసేదెవరు?" అన్నాడు బంగారయ్య.

అందరూ సముద్రం కేసి చూశారు. పక్కవాడి నోట్లో మట్టి కొట్టి ఆ పక్కనే ఎవడు బతుకుతాడు?

దాలమ్మ లేచింది. "నేను చూస్తాను బాబూ. మరి నన్నెవరు చూస్తారు?"

బంగారయ్య పిడికెడు ఉప్పు పట్టుకున్నాడు. "ఉప్పు మీద ఒట్టమ్మా. నీ మీద పడ్డ చెయ్యి నా మీద పడ్డట్టే. ఆ చెయ్యి మళ్ళీ ఈ సంతలో తక్కెడ పట్టదు" అన్నాడు. ఊరంతా విన్నది.

ఇక చూడండి. సంత రోజున దాలమ్మ బూడిద కుండ చంకన పెట్టుకుని వచ్చేది. మొప్ప ఎత్తేది. వాసన చూసేది. మంచిదైతే "అమ్ముకో నాయినా" అనేది. చెడ్డదైతే ఏమీ అనేది కాదు, బూడిదలో చెయ్యి ముంచి చేప మీద అద్దేది. నాలుగు వేళ్ళ అచ్చు. అంతే, ఆ గంప ఇసకలోకి. ఆ ఏడు ఊళ్ళో పాడె లేవలేదు.

బామ్మర్ది బతక్కోరతాడు, దాయాది చావు కోరతాడు అంటారు కదా. మరి ఈ బామ్మర్ది సంగతి వినండి. బంగారయ్య బామ్మర్ది తవిటయ్య. పెద్ద గంపలవాడు, పెద్ద నోటివాడు. మొన్నటి చేపని నిన్నటిదని, నిన్నటిదాన్ని ఇవాళ్టిదని అమ్మేవాడు. ఆ గంప మీద నాలుగు వేళ్ళు పడ్డాయి.

"ఏటే ముసిల్దానా! నా చేప మీదే చెయ్యేస్తావా?" అని కుండలో ఉమ్మేశాడు. దాలమ్మ బంగారయ్య దగ్గరికి వెళ్ళింది. బంగారయ్య ఇంట్లోకి చూశాడు. గుమ్మంలో పెళ్ళాం నిలబడి ఉంది, తవిటయ్య అక్క.

"తొందరపడకు దాలమ్మా, చూద్దాం" అన్నాడు.

రెండోసారి తవిటయ్య కుండ పగలగొట్టాడు, చెయ్యి మెలిపెట్టాడు. దాలమ్మ వాచిన మణికట్టు చూపించింది. బంగారయ్యకి ఆ రోజు అన్నం దిగలేదు. నిజం చెప్పాలి కదా, దిగలేదు. కానీ నోరు మాత్రం అదే అంది.

"చూద్దాంలే దాలమ్మా."

మూడోసారి తవిటయ్య కావిడి బద్ద ఎత్తాడు. నడి సంతలో, నడి ఎండలో. అందరూ ఎవరి గంపలోకి వాళ్ళు చూసుకున్నారు. దాలమ్మ పడింది, తల వెళ్ళి పడవ అంచుకి కొట్టుకుంది. బంగారయ్య పరిగెత్తుకొచ్చి తల ఒళ్ళో పెట్టుకున్నాడు.

"మాటన్నావు కదా బాబూ" అంది.

బంగారయ్య చుట్టూ చూశాడు. బద్ద పట్టుకుని బామ్మర్ది. వెనక పెళ్ళాం. "చూద్దాం దాలమ్మా, ముందు నువ్వు లే, చూద్దాం" అన్నాడు.

దాలమ్మ నవ్విందట. "నువ్వు చూడవులే బాబూ. నేనే చూసుకుంటాను."

అంతే. ప్రాణం పోయింది. పిడికిట్లో బూడిద అలాగే ఉంది. వేళ్ళు విప్పుదామంటే రాలేదు, అలాగే పాతిపెట్టారు.

ఊఁ కొట్టరేం? భయమేసిందా? ఇంకా భయం రానేలేదు.

మళ్ళీ సంత వచ్చింది. చూసేవాళ్ళు లేరు కదా, తవిటయ్య గంప నిండా తెచ్చాడు. తడిగోనె తీశాడు. పై చేప మీద బూడిద అచ్చు. నాలుగు వేళ్ళు.

"బూడిదేగా! కడిగితే పోతుంది" అని కడిగేశాడు. పోయింది.

తూచడానికి తక్కెడ ఎత్తాడు. చేపలు వేసే సిబ్బిలో బూడిద అచ్చు. నాలుగు వేళ్ళు. ఆ సిబ్బి కిందికి దిగిపోయింది, ఎవరో చెయ్యేసి నొక్కినట్టు. కొనడానికి వచ్చినవాళ్ళు వెనక్కి వెనక్కి నడిచి వెళ్ళిపోయారు.

"బూడిదేగా! కడిగితే పోతుంది" అని సిబ్బీ కడిగాడు. ఎవరూ కొనని ఆ చేపని ఏం చేశాడు? అక్క ఇంటికి పట్టుకెళ్ళి ఇచ్చాడు. అక్కేమో తమ్ముడు ప్రేమగా తెచ్చాడని పులుసు పెట్టింది.

మధ్యాహ్నం బంగారయ్య, పెళ్ళాం, మనవరాలు భోజనానికి కూర్చున్నారు. మనవరాలు మాటలు కొత్తగా వచ్చిన గుంట. పెద్దవాళ్ళు తిన్నారు. గుంట ముద్ద ఎత్తింది, మళ్ళీ దింపేసింది. ఊఁ, ఊఁ అంటోంది కానీ నోరు తెరవడం లేదు.

బంగారయ్య వంగి చూశాడు. గుంట నోటి మీద, ఈ చెంప నుంచి ఆ చెంప దాకా, బూడిద చెయ్యి. నాలుగు వేళ్ళు.

"ఒలమ్మో!" అని పెళ్ళాం నీళ్ళు తెచ్చి కడిగింది. పోలేదు. కొంగుతో తుడిచింది. పోలేదు. చింతపండు పెట్టి తోమింది. ఊహూఁ. గుంట మాత్రం భయపడలేదు, వాళ్ళిద్దరి వెనక ఎవరినో చూసి కళ్ళతో నవ్వుతోంది.

పొద్దు వాలేలోగా పెళ్ళానికి మొదలైంది. వాంతి, భేది. తర్వాత బంగారయ్యకి. తమ్ముడి చేతి చేప తిన్న అక్క ఇక లేవలేదు. బంగారయ్య గోడ పట్టుకుని మనవరాలి కేసి చూశాడు. గుంట గుక్కెడు పులుసు మింగలేదు. చల్లగా కూర్చుని ఇసకతో ఆడుకుంటోంది.

అప్పుడర్థమైంది ఆయనకి, దాలమ్మ పగ తీర్చుకోవడానికి రాలేదని. చూడ్డానికి వచ్చింది. ఒప్పుకున్న పని చేస్తోంది. ఒప్పుకున్న పని చెయ్యనిది తనొక్కడే. గోడకి తల కొట్టుకుని ఏడ్చాడు.

పెళ్ళాం పాడె వెళ్ళిన మర్నాడు, సంత రోజు కాకపోయినా అందరినీ తక్కెడలతో రమ్మని కబురంపి, గుంటని చంకనేసుకుని, కాళ్ళీడ్చుకుంటూ సంతకి వచ్చాడు. పిడికెడు ఉప్పు పట్టుకున్నాడు.

"తవిటయ్యా, తక్కెడ ఇలా పెట్టు. ఇక నువ్వు పట్టవు."

తవిటయ్య అక్కని పూడ్చొచ్చిన చేతులతోనే తక్కెడ తెచ్చి కాళ్ళ దగ్గర పెట్టి కూలబడ్డాడు.

బంగారయ్య భుజం మీంచి తన తక్కెడ కూడా తీశాడు. "కొట్టిన చెయ్యి వాడిది. ఆపకుండా ఊరుకున్న చెయ్యి నాది. నాకూ వద్దు" అని రెండూ సముద్రంలోకి విసిరేశాడు. తర్వాత జనం వైపు తిరిగాడు. "ఇవాళ్టి నుంచి కుండ నేను పడతాను. నేను గంపలు చూస్తాను. మరి నన్నెవరు చూస్తారు?"

ఈసారి ఎవరూ సముద్రం కేసి చూడలేదు. ఒక ముసలాయన తన తక్కెడ ఇసకలో దింపాడు. "నీ మీద చెయ్యి పడిన రోజు నా తక్కెడ లేవదు" అన్నాడు. పక్కావిడ దింపింది. ఆ పక్కవాడు దింపాడు. సంత మొత్తం దింపేసింది.

చంకలో గుంట అప్పుడు నోరు తెరిచింది. "తాతా, బూడిద అవ్వ చెయ్యి తీసేసింది. ఆకలేస్తోంది" అంది.

ఇదంతా నేను చూశానా? చూడలేదు. కానీ ఆ ఒడ్డుకి మీరెళితే మీరే చూడొచ్చు. ఇప్పటికీ అక్కడ సంత గుంజకి బూడిదతో నాలుగు వేళ్ళు అద్దాకే మొదటి గంప దించుతారు. సర్కారు మనిషి వచ్చి మొప్పలెత్తి చూసినా, ఎవరైనా రోగాలు రాకుండా సున్నం చల్లడానికి వచ్చినా, వాళ్ళ మీద ఒక్క గొంతు లేస్తే చాలు, "దాలమ్మ చూస్తోందిరో" అని ఒకరు కేకేస్తారు. తక్కెడలన్నీ ఇసకలోకి దిగుతాయి. తప్పు చేసినవాడు వాళ్ళ కాళ్ళకి నీళ్ళు పోస్తే గానీ మళ్ళీ లేవవు.

ఇంకొకటి. ఆ ఊళ్ళో మీరేదైనా అడగండి. ఇస్తాం అంటారు, లేదా ఇవ్వం అంటారు. చూద్దాం అని మాత్రం అనరు. ఎవరైనా కొత్తవాళ్ళు నోరు జారి చూద్దాం అన్నారనుకోండి, ఆడవాళ్ళు మాటలాపేసి గబగబా ఇళ్ళలోకి వెళతారు. పిల్లల మూతులు చూసుకోవడానికి.