ఒప్పుకుంటే ఇంటికి

పరాంకుశం గారి దగ్గర చేరిన జూనియర్లకు ఒక సంగతి త్వరగానే తెలిసిపోతుంది. సెక్షను అడిగితే ఆయన సెక్షను చెబుతారు. తీర్పు అడిగితే పుస్తకం తీసి చేతికిస్తారు. ఏం చెయ్యాలి అని అడిగితే మాత్రం జవాబివ్వరు, ఏదో ఒక పని పురమాయిస్తారు. ఆ చిన్న ఊరి మేజిస్ట్రేటు కోర్టులో ముప్పై ఏళ్ళుగా క్రిమినల్ కేసులు చూస్తున్న మనిషి ఆయన. మృణాళిని ఆయన దగ్గర చేరి ఏడు నెలలైంది.

ఆమె మనసుకు కుదురు లేకుండా చేసిన కేసు తవిటినాయుడిది. వెల్డింగు పని చేసుకునేవాడు, ఇరవై మూడేళ్ళుంటాయి. భవనం కడుతున్న చోట డ్రిల్లింగ్ మిషను పోతే అతనే దొంగిలించాడని కేసు పెట్టారు. తను తియ్యలేదని మొదటి రోజు నుంచీ ఒకటే మాట. బెయిలైతే వచ్చింది గానీ ఇద్దరు జామీనుదారులు కావాలన్నారు. పని కోసం ఊరు కాని ఊరు వచ్చినవాడికి జామీను ఎవరుంటారు? నలభై రోజులుగా సబ్ జైల్లోనే ఉన్నాడు. భార్యకు నెలలు నిండాయి. సోమవారం మేజిస్ట్రేటు అభియోగం చదివి వినిపించి, ఒప్పుకుంటావా అని అడుగుతారు. ఒప్పుకుంటే ఇప్పటిదాకా జైల్లో ఉన్న రోజులనే శిక్ష కింద జమ చేసి ఆ సాయంత్రమే వదిలేస్తారు. అలాంటివి ఆమె ఇప్పటికే నాలుగైదు చూసింది.

"సార్, ఒప్పుకున్నవాడు ఇంటికి పోతాడు. కాదన్నవాడు జైల్లో ఉంటాడు. చెయ్యని నేరం ఒప్పుకోవద్దని అతనికి నేను ఏ మొహం పెట్టుకుని చెప్పను?" అని అడిగింది మృణాళిని.

పరాంకుశం గారు చదువుతున్న ఫైలు మీంచి తల ఎత్తలేదు. "బయట సూరన్న కూర్చున్నాడు. ముందు అతని దరఖాస్తు నింపి రామ్మా" అన్నారు.

సూరన్నకు యాభై దాటాయి. ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుని, లైసెన్సు కాగితాలు ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని బెంచీ చివర కూర్చున్నాడు. ఒక ప్రైవేటు స్కూల్లో వ్యాను డ్రైవరు ఉద్యోగానికి దరఖాస్తు. పేరు, ఊరు, ఎన్నేళ్ళ అనుభవం, అన్నీ చకచకా నింపింది మృణాళిని. పదకొండో గడి దగ్గర కలం ఆగింది. మీపై ఎప్పుడైనా క్రిమినల్ కేసులో నేరం రుజువైందా? అవును, కాదు.

సూరన్న ఆ గడి వంక చూసి తన కథ చెప్పుకొచ్చాడు. ఇరవై ఎనిమిదేళ్ళ కిందట రైసు మిల్లులో నీళ్ళ మోటారు పోయింది. అనుమానం అతని మీదికొచ్చింది. ఇరవై ఆరు రోజులు జైల్లో ఉన్నాక, ఒప్పుకుంటే ఈ రోజే ఇంటికి పోతావని వకీలు చెబితే ఒప్పుకున్నాడు. పొద్దుగూకేసరికి ఇంట్లో ఉన్నాడు. పీడ వదిలిందనుకున్నాడు. రెండేళ్ళకు ఆసుపత్రిలో లిఫ్టు నడిపే ఉద్యోగం చేతిదాకా వచ్చి, పోలీసు విచారణలో పోయింది. వాడలో ఏ వస్తువు పోయినా స్టేషను నుంచి కబురు ముందు అతనికే వచ్చేది. పక్కింటాయన కూడా ఆ రోజుల్లోనే ఒకడి తల పగలగొట్టి శిక్ష పడి వచ్చాడట. ఆయన్ని ఊళ్ళో కోపిష్ఠి అన్నారు, సూరన్నను దొంగ అన్నారు.

ఉన్నది ఉన్నట్టు రాయడమే మంచిదని, అబద్ధం రాస్తే అది మళ్ళీ ఇంకో నేరమవుతుందని మృణాళిని నచ్చజెప్పబోయింది.

"ఉన్నదంటే ఏదమ్మా? నేను ఆ మోటారు ముట్టుకోలేదు, అది ఉన్నదే. కోర్టు కాగితంలో నేను దొంగని, అదీ ఉన్నదే. ఇందులో ఏది రాస్తారో మీరే రాయండి" అన్నాడు సూరన్న.

 చట్టం ప్రకారం ఏది రాయాలో ఆమెకు తెలుసు గానీ చెయ్యి కదల్లేదు. చివరికి అతనే, అవును అని పెట్టెయ్యండమ్మా అని, సంతకం చేశాడు. ఆనాడు ఒప్పుకోమన్న వకీలు ఎవరని ఆమె అడిగింది. సూరన్న పరాంకుశం గారి గది తలుపు వైపు చూశాడు. "సారే. అప్పుడు మీలాగే కొత్త. నా మంచి కోరే చెప్పారు" అన్నాడు, మనసులో ఏ కోపమూ లేనట్టు.

సోమవారం కోర్టు వరండాలో, కానిస్టేబుల్‌ను బతిమాలి మృణాళిని తవిటినాయుడితో మాట్లాడింది. ఒప్పుకుంటే ఏమవుతుందో, కాదంటే ఏమవుతుందో రెండూ చెప్పింది. సాయంత్రానికి ఇల్లు చేరడం గురించీ చెప్పింది, ఆ తర్వాతి ఏళ్ళ గురించీ చెప్పింది. అంతా విని, "మీరైతే ఏం చేస్తారు మేడమ్?" అన్నాడతను. నాకు తెలీదు అంది ఆమె. అంతకుమించి నిజమైన మాట ఆమె దగ్గర లేదు. లోపల మేజిస్ట్రేటు అడిగినప్పుడు అతను ఒకసారి వెనక్కి తిరిగి చూసి, "నేను తియ్యలేదండీ" అన్నాడు. మళ్ళీ జైలుకు తీసుకుపోయారు.

జామీను షరతు సడలించమని పరాంకుశం గారు ఆ రోజే పిటిషను వేశారు. వాదించగా వాదించగా జామీను ఒకరైనా చాలన్నారు మేజిస్ట్రేటు. ఆ ఒక్కరుగా నిలబడడానికి అతని మేస్త్రీని ఒప్పించి, కాగితాలన్నీ సిద్ధం చేసేసరికి తొమ్మిది రోజులు పట్టింది. ఆరో రోజున ఆడపిల్ల పుట్టింది. విడుదలైన తవిటినాయుడు గేటు దగ్గర నిలబడ్డ మృణాళినితో ఒక్క మాటైనా అనకుండా ఆసుపత్రి వైపు పరుగులాంటి నడకతో వెళ్ళిపోయాడు. కేసు ఎప్పటికి తేలుతుందో, ఎటు తేలుతుందో ఎవరికీ తెలియదు.

ఆమె ఆఫీసుకు తిరిగి వచ్చి పరాంకుశం గారి ఎదుట కూర్చుంది. తన మాట వల్లే అతను బిడ్డ పుట్టిన వేళకు లేకుండా పోయాడని, చేసింది తప్పో ఒప్పో ఎంత ఆలోచించినా తేలడం లేదని అంది.

పరాంకుశం గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"సూరన్నను ఒప్పుకోమని చెప్పిన రోజు నాకు ఇలాంటి అనుమానమేమీ రాలేదమ్మా" అన్నారు.