ఓబులవ్వ బంతి

అనగనగనగా, మన తాతల తాతలు ఇంకా గోచీ కట్టని రోజుల్లో, ఒక ఊరుండేది. ఊరి పేరు నన్నడక్కండి. నాకీ కథ చెప్పినామె పేరు చెప్పలేదు, నేనూ అడగలేదు. మీరు ఊఁ కొడుతూ ఉండండి చాలు. ఊఁ కొట్టేవాళ్లు లేకపోతే కథ నడవదు.

ఆ ఊళ్లో ఒక కుమ్మరోళ్ల ఇల్లు. ఆ ఇంటికి పెద్ద ఓబులవ్వ. మొగుడు ఎప్పుడో పోయాడు. ముగ్గురు కొడుకులు, ముగ్గురు కోడళ్లు, పదకొండుమంది మనవలూ మనవరాళ్లూ. ఓబులవ్వకు పొలం లేదు, పుట్ర లేదు, ఒంటి మీద గురిగింజంత బంగారం లేదు. ఉన్నదల్లా ఒక నోరు, రెండు చేతులు. ఆ నోటికి ఊరంతా జడిసేది. ఆ చేతులు పొద్దున మట్టి పిసికేవి, మధ్యాహ్నం సంగటి కెలికేవి, సాయంత్రం ఏ బిడ్డ ఏడిస్తే ఆ బిడ్డను ఎత్తుకునేవి. మన బిడ్డా, పొరుగు బిడ్డా అని చూసే ఓపిక ఆమెకు లేదు.

ఎంత గట్టి మనిషైనా ఒకనాటికి పోవాల్సిందే కదా. ఓబులవ్వా పోయింది. చిన్నకోడలు సుంకులమ్మ ఒళ్లో తల పెట్టుకుని, ఆమె పోసిన గుక్కెడు నీళ్లు తాగి, పండుటాకు రాలినట్టు పోయింది. సుంకులమ్మ తల్లి లేని పిల్ల. ఆ ఇంటికి వచ్చాకే ఆమెకు అమ్మ దొరికింది. ఆమె ఏడుపు ఏం చెప్పేది, ఆపడం ఎవరి తరమూ కాలేదు.

పదకొండో రోజు వచ్చింది. ఆ రోజు చచ్చిపోయినవాళ్లకు ఇష్టమైనవి వండి, ఆకులో పెట్టి, కాకికి చూపించాలి. కాకి వచ్చి ముట్టిందా, పోయినవాళ్లు కడుపు నిండి పోయినట్టు. ముట్టలేదా, ఆకలితో పోయినట్టు. కాకి ముట్టిందాకా ఇంట్లో ఎవరూ మెతుకు నోట్లో వేసుకోరాదు. అది కట్టుబాటు. కట్టుబాటు తప్పకుండా చూసేదానికి కులపెద్ద తిమ్మప్ప వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

అమ్మకు ఓళిగలంటే ప్రాణం అన్నాడు పెద్దకొడుకు. పప్పూ బెల్లం పూర్ణం పెట్టి ఓళిగలు చేసి ఆకులో పెట్టారు. కాకి వచ్చింది. గోడ మీద వాలింది. ఆకు వైపు చూసింది, ఇంటి వైపు చూసింది, ముట్టలేదు.

ఓళిగలు ఇష్టం నీకురా అన్నా, అమ్మకు నాటుకోడి పులుసంటే ప్రాణం అన్నాడు నడిపికొడుకు. కోడిని కోశారు, పులుసు పెట్టారు. కాకి ఆకు వైపు చూసింది, ఇంటి వైపు చూసింది, ముట్టలేదు.

కోడి ఇష్టం నీకు, అమ్మకు నువ్వులుండలంటే ప్రాణం అన్నాడు చిన్నకొడుకు. నువ్వులు వేయించారు, దంచారు, ఉండలు కట్టారు. కాకి ఆకు వైపు చూసింది, ఇంటి వైపు చూసింది, ముట్టలేదు.

చూశారా సంబడం! నలభై ఏళ్లు ఆమె చేతి ముద్ద తిన్న కొడుకులు. ఎవడికి వాడు తనకిష్టమైనదే అమ్మకూ ఇష్టం అనుకున్నాడు. ఆమె ఏం తిన్నదో, ఎప్పుడు తిన్నదో చూసినవాడు ఒక్కడూ లేడు.

పొద్దు నడినెత్తికి వచ్చింది. కొడుకులు వరసగా నిలబడి కాకికి దండాలు పెట్టారు. కుండలు చేసే సారె తిప్పడం మాననని పెద్దోడు, కల్లు ముట్టనని నడిపోడు, అన్నలతో పంచాయితీ పెట్టుకోనని చిన్నోడు ఒట్లు పెట్టారు. కాకి ఒట్లన్నీ విన్నది. ముక్కుతో రెక్క గోక్కుంది. కిందికి మాత్రం దిగలేదు.

అప్పుడు పెద్దకోడలు అందరూ వినేలాగే అడిగింది. “ఏమే సుంకులూ, కడసారి నీళ్లు పోసింది నువ్వే. ఆకలని ఏమైనా అడిగిందా? నువ్వు పెట్టలేదా?”

సుంకులమ్మ గుండెలో రాయి పడింది. అడగలేదక్కా అన్నది. అన్నదే గానీ ఆమెకే అనుమానం పుట్టింది. అడిగిందేమో, తనకే వినపడలేదేమో. అమ్మలాంటి అత్త తన చేతుల్లో ఆకలితో పోయిందేమో. అనుమానం చెద కంటే చెడ్డది, ఒకసారి పట్టిందంటే లోపల్లోపలే తినేస్తుంది. పొద్దు గూకే లోపల కాకి ముట్టకపోతే ఇక దానికి మందు లేదని తిమ్మప్ప పైనుంచి ఒక మాట వేశాడు.

సుంకులమ్మ కళ్లు తుడుచుకుని తలెత్తింది. ఎదురుగా పిల్లలు. పదకొండుమందీ పొద్దున్నుంచి పస్తు. ఒకడు తడి మట్టి నాకుతున్నాడు. ఒకతి ఓళిగల వాసన చూస్తూ గుటకలు మింగుతోంది. అందరికంటే చిన్నది, ఏడ్చే ఓపిక కూడా అయిపోయి, గోడకు ఆనుకుని కూర్చుంది.

వాళ్లను చూడగానే సుంకులమ్మకు ఆము కాల్చే రోజు గుర్తొచ్చింది. కుండలు కాల్చే రోజు కూడా కట్టుబాటే, ఆము అంటుకునేదాకా ఇంటిల్లిపాదీ పస్తుండాలి. ఓబులవ్వ తానూ ఉండేది, కొడుకులనూ కోడళ్లనూ ఉంచేది. పిల్లలకు మాత్రం తెల్లారకముందే ఇంత సంగటి పెట్టేసేది. ఇదేం పద్ధతని తిమ్మప్ప గొడవకొస్తే, పిల్లలు పస్తున్న ఇంట్లో ఆము అంటుకోదు పోవయ్యా అనేది. ఏ ఏడూ ఆ ఇంటి ఆము అంటుకోకుండా ఉండలేదు.

సుంకులమ్మ లేచింది. పదకొండు ఆకులు వరసగా బంతి పరిచింది. పిల్లల్ని పిలిచింది.

“ఏయ్ పిల్లా, ఆగు!” అన్నాడు తిమ్మప్ప. “కాకి ముట్టకముందు ఇంట్లో ఎంగిలి పడిందంటే మీ అత్త ఈ గడప చుట్టే తిరుగుతా ఉంటుంది. ఆ పాపం నీది.”

“తిరగనీ మామా. మా అత్త మా గడప చుట్టూ తిరిగితే నాకేం భయం? పిల్లల్ని పస్తు పెట్టానని తెలిస్తే తిడుతుంది, దానికే నా భయం.”

సుంకులమ్మ మొగుడు అడ్డం రాబోయి ఆగిపోయాడు. కాకి ఇక ముట్టకపోతే తన బతుకేమవుతుందో ఆమెకు తెలుసు. అయినా వడ్డించింది. సంగటి పెట్టింది, ఓళిగ పెట్టింది, పులుసు పోసింది. పిల్లలు తినడం మొదలుపెట్టారు. తినే కొద్దీ ప్రాణం లేచొచ్చింది. ఒకరి ఆకులోది ఒకరు లాక్కోవడం, గిచ్చుకోవడం, నవ్వడం. పదకొండు రోజుల తర్వాత ఆ ఇంట్లో నవ్వు వినపడింది.

కాకి గోడ దిగింది.

దిగి, నేరుగా తన ఆకు దగ్గరికి పోలేదు. పిల్లల బంతి వెంట నడిచింది. ఒక్కో పిల్ల ముందు ఆగడం, తల వంచి ఆకులోకి చూడడం, గెంతి ముందుకు పోవడం. ఈ కొస నుంచి ఆ కొస దాకా పదకొండు ఆకులూ చూసింది. చివరాఖరున చిన్నది, నోటి నిండా ఓళిగతో, “నేను తింటున్నాలే అవ్వా, నువ్వు పోయి తిను” అన్నది. అప్పుడు పోయింది కాకి తన ఆకు దగ్గరికి. పోయి తిన్నది చూడండీ! పులుసు పొడిచింది, ఓళిగ చించింది, నువ్వులుండ దొర్లించింది. చాలక, కావు కావుమని చుట్టాలందరినీ పిలిచింది.

సుంకులమ్మ కూర్చున్నచోటే నవ్వుతూ ఏడ్చింది. పెద్దకోడలు వచ్చి ఆమెను గట్టిగా పట్టుకుని, నా నోరు పడిపోను, తప్పయిందే అన్నది. కొడుకులు ముగ్గురూ, ముందు ముట్టింది నేను చెప్పిందే అంటే నేను చెప్పిందే అని అప్పుడే వాదులాటకు దిగారు. చిన్నోడి ఒట్టు ఆ పూటకే పోయింది.

తిమ్మప్ప అరుగు దిగి తలపాగా తీసి దులుపుకున్నాడు. “ఈ ముసలిది బతికుండగా నా మాట వినలేదు. చచ్చినాకా వినలేదు” అన్నాడు. అని, సుంకులమ్మ వైపు తిరిగి, నాకూ ఒక ఆకు వెయ్యమ్మా అన్నాడు.

అది మొదలు ఆ చుట్టుపక్కల ఊళ్లలో చావు దినమైనా, పెళ్లయినా, ఆము కాల్చే రోజైనా ముందు కూర్చునేది పిల్లలే. ఆ తర్వాతే కాకి, ఆ తర్వాతే పెద్దలు. పిల్లల బంతికి ఓబులవ్వ బంతి అని పేరు. ఆకలికి ఆగలేక పెద్దోడెవడైనా అందులో దూరి కూర్చుంటే, ఏమప్పా, నీకు పాలపళ్లు ఊడలేదా అని ఎగతాళి చేస్తారు. ఆ బంతి సాగినంతసేపూ ఇంటి ముసలామె ఈ కొస నుంచి ఆ కొస దాకా ఆకులు చూసుకుంటూ నడవాలి. ముసలామె లేని ఇల్లయితే కాకి వచ్చి నడుస్తుందట.

కథ కంచికి బయల్దేరింది, దాన్ని పోనివ్వండి. మీలో ఇంకా బువ్వ తిననోళ్లు ఎవరర్రా? లేవండి, ముందు చేతులు కడుక్కు రండి.