బొంతావారి రెండువేల ఏళ్ళ కేకు

రొయ్యలదిబ్బలో తెలివి ఎవరింట్లో ఉందని అడిగితే ఎవరింటివైపు వాళ్ళు వేలు చూపించుకుంటారు. బొంతావారు మాత్రం చూపించరు. ఇంత పెద్ద తెలివి, వేలు పెట్టి చూపిస్తేగాని కనపడదా అని వాళ్ళ ధీమా. ఇంటిపెద్ద ఏలియా పొద్దున్నే అరుగుమీద కూచుని, లోపలి సరుకు భద్రంగా ఉందో లేదో చూసుకుంటున్నట్టు తల నిమురుకునేవాడు. "చెప్పింది చెప్పినట్టు చేసేవాణ్ణి మించిన తెలివైనవాడు లేడురా" అని తమ్ముడు ప్రభుదాసుకి రోజూ చెప్పేవాడు. ప్రభుదాసు రొయ్యల్ని ఐసులో పెట్టి పట్నానికి పంపే వ్యాపారస్తుడు. అన్న ఏమన్నా "అంతే అన్నయ్యా" అనడం అతని రెండో వ్యాపారం. ఇక వాళ్ళమ్మ దేవకరుణమ్మ, "నా కడుపున పుట్టాక తెలివి ఎక్కడికి పోతుంది" అనేది. ఊరివాళ్ళూ అదే అడిగేవారు, ఎక్కడికి పోయిందని.

ఏలియా కూతురు కృపావతికి పెళ్ళి కుదిరింది. అంతకుముందు రెండు సంబంధాలు వచ్చి, ఏలియాతో కాసేపు మాట్లాడి, మంచినీళ్ళైనా తాగకుండా వెళ్ళిపోయాయి. ఈ పెళ్ళికొడుకు విక్టరు మాత్రం కృపని చర్చిలో చూసి మనసుపడ్డాడు, చేసుకుంటే ఆ పిల్లనే అన్నాడు. అతని తల్లి మార్తమ్మ ఆసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరైన మనిషి. ఆవిడ మాట సూది లాంటిది.

"భోజనాలూ అవీ మేం చూసుకుంటాం అన్నయ్యగారూ. కేకు ఒక్కటి మీది. పద్ధతి ప్రకారం ఉండాలి, ఏదీ తగ్గకూడదు. కేకు చూస్తే పిల్లనిచ్చిన ఇంటి బుర్ర తెలిసిపోతుంది" అందావిడ.

ఆవిడ వెళ్ళాక కృప తండ్రి పక్కన కూచుంది. "నాన్నా, నాకు విక్టరంటే ఇష్టం. కానీ ఈ కేకు చెడిందంటే ఆవిడ నన్ను ముసలిదాన్నయ్యేదాకా దెప్పుతుంది" అంది. ఏలియాకి గుండె కలుక్కుమంది. తల్లి లేని పిల్ల, చేతుల్లో పెంచుకున్న పిల్ల. "ఆవిడ నోటినుంచి ఒక్క మాట పడనివ్వనమ్మా, కేకు సంగతి నాకొదిలెయ్" అన్నాడు. కృపకి అసలు భయం అప్పుడు మొదలైంది.

అన్నదమ్ములిద్దరూ పట్నంలో బేకరీ స్టెల్లమ్మ దగ్గరికి వెళ్ళారు. స్టెల్లమ్మ చెయ్యి మంచిది, నోరు ఇంకా పెద్దది. పెళ్ళి కేకు పద్ధతేమిటని ఏలియా అడిగాడు. అడిగేవాడు దొరకడమే ఆవిడకి కావాలి.

"మొదట్లో రోము దేశంలో పెళ్ళికూతురి నెత్తిమీద గోధుమ రొట్టె విరిచేవారటండీ, పిల్లలు కలగాలని. ఆ ముక్కలు జనం ఏరుకు తినేవారు. తర్వాత ఇంగ్లండులో బన్నులు గుట్టగా పేర్చి, దానిమీంచి పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ ముద్దు పెట్టుకోవాలి. గుట్ట పడకపోతే అదృష్టం. ఆ తర్వాతే ఈ అంతస్తుల కేకులు. పెళ్ళికాని పిల్లలు ఒక ముక్క దిండు కింద పెట్టుకు పడుకుంటే కాబోయే మొగుడు కలలోకొస్తాడు. పై అంతస్తు మాత్రం ముట్టుకునేవారు కాదు, మొదటి బిడ్డ బాప్తిస్మానికి దాచేవారు. అదంతా చరిత్రలెండి. ఇప్పుడు కోస్తే చాలు. ఒకటి గుర్తుపెట్టుకోండి, కేకు చల్లగా ఉండాలి, ఎండ తగలకూడదు, పెళ్ళికూతురు కత్తి పెట్టేదాకా ఎవరి చెయ్యీ పడకూడదు."

తిరుగు బస్సులో ప్రభుదాసు, "కోస్తే చాలంది కదన్నయ్యా" అన్నాడు.

"ఆవిడకి చాలు. మార్తమ్మగారికి ఏదీ తగ్గకూడదు. రెండువేల ఏళ్ళ పద్ధతి వదిలేసి ఆఖర్న కత్తి పెడితే, సినిమా అంతా వదిలేసి శుభం కార్డు చూసినట్టుండదూ? రోము దగ్గర్నుంచీ వరసగా చేద్దాం."

"అంతే అన్నయ్యా."

పెళ్ళిరోజు పొద్దున్నే మూడంతస్తుల కేకు వ్యానులో వచ్చింది. దింపాలి, చెయ్యి పడకూడదు. ఏలియా క్షణం ఆలోచించాడు. పొట్ట గురించి స్టెల్లమ్మ ఏమీ అనలేదు. అంతే, ఏలియా ఇటునుంచి, ప్రభుదాసు అటునుంచి పొట్టలతో కేకుని నొక్కిపట్టి, పీత నడక నడుస్తూ ఇంట్లోకి తెచ్చారు. కింది అంతస్తుకి రెండువైపులా రెండు బొడ్లు అచ్చుపడ్డాయి. దేవకరుణమ్మ చూసి, బేకరీవాళ్ళ పువ్వుల పనితనం బాగుందని మెచ్చుకుంది.

ఇక చల్లగా ఉంచాలి. చల్లదనం సంగతి ప్రభుదాసుకి కొత్తా? రొయ్యల పెట్టె ఖాళీ చేశాడు. ఒక వరస ఐసు, ఒక వరస రొయ్య, మళ్ళీ ఒక వరస ఐసు, అదీ అతని పద్ధతి. ఇంకేముంది, మోచేతులతో అంతస్తులు ఊడదీసి, ఒక వరస ఐసు, ఒక అంతస్తు కేకు సర్దేశారు. చర్చిలో పెళ్ళి అయ్యేసరికి కేకు బండరాయిలా బిగిసింది, రొయ్యల వాసన నిలువెల్లా పట్టింది.

చుట్టాలంతా పందిట్లో కూర్చున్నారు. మార్తమ్మ ముందు వరసలో చేతులు కట్టుకుని కూర్చుంది. ఏలియా లేచి, "ముందు రోము" అని ప్రకటించి, కింది అంతస్తు మోచేతుల మధ్య ఇరికించి తెచ్చి కూతురి నెత్తిమీద పెట్టాడు. విరగదు. గుద్దుదామంటే కన్నకూతురి తల. "కరిగేదాకా అలాగే నిలబడమ్మా, అదే విరుగుతుంది" అన్నాడు. కృప కళ్ళు మూసుకుని నిలబడింది. కాసేపటికి తెల్లటి క్రీము చెవుల మీదుగా, ఐసు నీళ్ళు మెడ మీదుగా దిగాయి. ఎక్కణ్ణుంచో రెండు పిల్లులు వచ్చి పెళ్ళికూతురి చుట్టూ ప్రదక్షిణం మొదలెట్టాయి. చివరికి కేకు మెత్తబడి దభీమని నాలుగు ముక్కలైంది. "ఏరుకోండి, ఏరుకోండి" అన్నాడు ఏలియా. ఓ పెద్దాయన ఒక ముక్క నోట్లో వేసుకుని, "బాగుందండి, కాస్త ఉప్పూ కారం తగ్గింది" అన్నాడు.

"ఇప్పుడు ఇంగ్లండు" అన్నాడు ఏలియా. టీ కొట్టు నుంచి తెచ్చిన బన్నులు మనిషెత్తు పేర్చారు. గుట్ట పడితే అదృష్టం పోతుంది కాబట్టి పడకుండా వెనక నుంచి దేవకరుణమ్మని పట్టుకోమన్నారు. పెళ్ళికొడుకు సిగ్గుతో ఎర్రబడి, స్టూలెక్కి, కళ్ళు మూసుకుని ముందుకి వంగాడు. కృప కంటినిండా క్రీము, తను ఎటు నిలబడిందో తనకే తెలీదు. విక్టరు ముద్దు వెళ్ళి ముసలమ్మ నుదుటిమీద పడింది. ముసలమ్మ ఉలిక్కిపడి చేతులొదిలేసింది. అంతే, ఇంగ్లండు మొత్తం పాస్టరుగారి ఒళ్ళో కూలింది. "పోనీలే, నాకిన్నాళ్ళకి అదృష్టం పట్టింది" అంది దేవకరుణమ్మ నుదురు తడుముకుంటూ.

ఏలియా ఆగలేదు. మధ్య అంతస్తు మోచేత్తో ముక్కలు చేసి, పెళ్ళికాని పిల్లలందరికీ తలో దిండూ ఇచ్చి, పందిట్లోనే చాపలు పరిపించాడు. కల వచ్చాకే భోజనాలన్నాడు. మిట్టమధ్యాహ్నం, కడుపులో ఎలుకలు పరిగెడుతుంటే నిద్రెలా పడుతుంది? ఒక్క పిల్లకి మాత్రం కునుకు పట్టింది. లేపి అడిగితే కలలో బిర్యానీ వచ్చిందంది. ఏలియా బాగా ఆలోచించి, "అయితే నీకు వంటవాడితో రాసిపెట్టుందమ్మా" అని తేల్చాడు.

అప్పుడు లేచింది మార్తమ్మ. కృప తండ్రి చెయ్యి పట్టుకుంది.

"అన్నయ్యగారూ, మావాళ్ళు ఆకలితో ఉన్నారు. ఆ మిగిలిన అంతస్తు కోయించండి, భోజనాలకి లేద్దాం."

కోస్తే పద్ధతి తప్పుతుంది, కోయకపోతే వియ్యపురాలి మాట తప్పుతుంది. ఏలియా ఒకసారి పెట్టెకేసి, ఒకసారి ఆవిడకేసి చూశాడు. చివరికి రెండు చేతులూ జోడించాడు. "అది మాత్రం కుదరదు చెల్లెమ్మా. అది మీ మనవడి బాప్తిస్మానికి."

మార్తమ్మ ఏదో అనబోయి ఆగింది. "మనవడా" అంది మెల్లిగా. ఆ మాటకి ఆవిడ మొహం ఎండలో పెట్టిన క్రీములా కరిగిపోయింది. "మావాళ్ళలో ఒక్కరూ అంత దూరం ఆలోచించలేదు. కృపా, మీ నాన్న వెర్రివాడనుకున్నాను. మంచివాడే. నిన్ను ఒక్క మాటంటే నా నోరు పడిపోవాలి" అని క్రీము పూసుకున్న కోడల్ని అలాగే దగ్గరికి తీసుకుంది. ఏలియాకి కళ్ళవెంట నీళ్ళు ఆగలేదు. కోత ఒక బన్నుతో కానిచ్చి అందరూ భోజనాలకి లేచారు.

సాయంత్రం మార్తమ్మ తనవాళ్ళతో ముందు బస్సెక్కుతూ, "పెళ్ళికారులో బిందెలూ బకెట్లూ ఏమీ పెట్టకండి అన్నయ్యగారూ. మాకేమీ వద్దు. ఆ కేకు ఒక్కటి భద్రంగా మా ఇంటికి చేరితే చాలు" అంది.

ఏలియా తలూపాడు. ఆవిడ మాట జవదాటే ప్రసక్తే లేదు. కేకు పెట్టె తెచ్చి కారు వెనక సీట్లో పెట్టాడు. ఎండ ఏటవాలుగా పడుతుంటే కృప మేలిముసుగు తెచ్చి దానిమీద కప్పాడు. విక్టరు వచ్చి పక్కన కూర్చున్నాడు. ఊరు దాటేదాకా తలెత్తితే దిష్టి తగులుతుందని తల్లి చెప్పి వెళ్ళింది కాబట్టి, ఓరకంట తెల్ల ముసుగు చూసి ఇంకాస్త వంచుకున్నాడు.

"బాబూ, సున్నితమైంది. ఎండ తగలనివ్వకు. చల్లగా చూసుకో" అన్నాడు ఏలియా, ముసుగు సర్దుతూ.

"కళ్ళల్లో పెట్టుకుని చూసుకుంటాను మామయ్యా" అన్నాడు విక్టరు. కారు కదిలింది. ఇంటిల్లిపాదీ చేతులూపి కళ్ళొత్తుకున్నారు.

అప్పటిదాకా పెరట్లో తలలోంచి క్రీము కడుక్కుంటున్న కృప, జుట్టుకి తువ్వాలు చుట్టుకుని వీధిలోకి వచ్చింది. "నాన్నా, కారేదీ?" అంది.

"వెళ్ళిపోయిందమ్మా, అనుకున్నది అనుకున్నట్టు."

"మరి నేనో?"

ఏలియా కూతురి తల ఆప్యాయంగా నిమిరాడు. "కేకు ఒక్కటి చేరితే చాలు, ఇంకేమీ పెట్టొద్దంది కదమ్మా మీ అత్తగారు. అయినా నీకు తొందరేంటి, రేపు నీ బిడ్డ బాప్తిస్మానికి అందరం వెళ్తాం కదా, అప్పుడు నిన్నూ తీసుకెళ్తాను."