నిండుకున్న గాదెలు

కంకణవరం రాజ్యంలో ఒకప్పుడు, ఆ వేణుగోపాలస్వామి చల్లని చూపు తప్ప చినుకన్నది లేని కాలమొకటి వచ్చింది, వినండి నాయనలారా!

ఆ రాజ్యాన్నేలే ప్రచండవర్మకు గాదెల నిండా ధాన్యం, నోటి నిండా గొప్పలు. "అదృష్టమంతా మన మాటలోనే ఉంది. ఏడ్చేవాడి గడప లక్ష్మి తొక్కదు. నా సభలో 'లేదు', 'అయిపోయింది' అన్నవాడికి దేశబహిష్కారం!" అని చాటించాడు.

ఆస్థానకవి తిప్పన ఒకరోజు పెద్దకాపు ఓబన్నను సభకు వెంటబెట్టుకొచ్చాడు. తిండికీ విత్తనాలకూ కోట ధాన్యం ఇప్పిస్తే ఊళ్ళు బతుకుతాయని తిప్పన ఆశ.

"ఏమోయ్ కాపూ, గాదెలెలా ఉన్నాయి?" అన్నాడు రాజు.

"నిండుకున్నాయి మహాప్రభూ" అన్నాడు ఓబన్న చేతులు కట్టుకుని.

మన ఇళ్ళల్లో బియ్యం అడుగంటితే ఇల్లాలు ఏమంటుంది? 'నిండుకున్నాయి' అంటుంది గదా! కోటలో ఏ కుండా ఏనాడూ ఖాళీ కాలేదాయె, ఆ మాట రాజుగారి చెవిన పడిందెప్పుడు?

"నిండుకున్నాయా! భేష్! విన్నావా తిప్పనా? ఇంక వీళ్ళకి నా ధాన్యమెందుకు?" అని మీసం దువ్వాడు.

ఓబన్న ముఖం పాలిపోయింది. కాదంటే బహిష్కారం! తిప్పన మనసులో 'గోపాలా' అనుకున్నాడు. అంతలోనే అతని పెదవి మీద చిరునవ్వు మొలిచింది.

"ఆ శుభం ఊళ్ళకేనా ప్రభూ? సెలవిస్తే రేపటికి మన వంటశాల కూడా నిండుకునేట్టు చూస్తాను."

"తథాస్తు!" అన్నాడు రాజు.

ఇంకేం, వంటశాలలోని గింజగింజా ఊళ్ళకు తరలిపోయింది.

మర్నాడు రాజు బంగారు పళ్ళెం ముందు కూర్చున్నాడు. వంటలక్క చాయమ్మ కదల్లేదు.

"అన్నమేదీ?"

"నిండుకుంది ప్రభూ."

"మంచిదే, వడ్డించు. పప్పు?"

"అదీ నిండుకుంది."

"నెయ్యి?"

"పొద్దున్నే నిండుకుంది."

ఆకలికి ఆగలేక రాజే వెళ్ళి గుండిగ మూత తీశాడు. తళతళలాడే అడుగున తన ముఖమే కనిపించింది!

"తిప్పనా! ఏమిటీ అన్యాయం?"

"తమరు తథాస్తు అన్నదే ప్రభూ! గాదె అడుగు కనబడినా మా జనం 'నిండు' అనే అంటారు. ఆ మాట ఇచ్చిన ధైర్యంతోనే మళ్ళీ నాగలి పట్టుకుంటారు. ఏడవనివాడికే లక్ష్మి అన్నారు తమరు. వాళ్ళు ఏడవలేదు. మరి లక్ష్మి తమ గాదెల్లోనే ఎందుకు ఆగిపోయింది?"

 జవాబుగా రాజుగారి కడుపు గుర్రుమంది. ఆ చప్పుడుకి ఆయనకే నవ్వొచ్చింది.

"కోట గాదెలన్నీ నిండుకోవాలి, పో!"

"ఏ అర్థంలో ప్రభూ?"

"మీ ఇళ్ళ అర్థంలోనేనయ్యా!" అంటూ తన ముత్యాలహారం తీసి తిప్పన మెడలో వేశాడు.

విత్తనాలు చేలకు చేరాయి. స్వామి కరుణించాడు, వానలు పడ్డాయి. పంట ఇంటికొచ్చాక ఓబన్న మళ్ళీ సభకొచ్చి, "గాదెలు నిండాయి మహాప్రభూ!" అన్నాడు.

రాజు ఉలిక్కిపడ్డాడు. "ఆగాగు! నిండాయా, నిండుకున్నాయా?"

సభంతా గొల్లుమంది. అందరికన్నా గట్టిగా నవ్వింది రాజుగారే!