నడిచొచ్చిన రాత్రి భోజనం

వేరుశనగ పీకుడు రోజులు. కొండ కింద రైతు దొడ్డిలో పొద్దుగూకేసరికి ఎవరికీ నోరు తెరిచే ఓపిక ఉండేది కాదు. బండి లాగి లాగి గంగులు అనే ముసలి ఎద్దు మెడ వాచిపోయింది. గాడిద నిలబడే కునుకు తీసేది. మేకలు కూడా అరవడం మానేసి గోడవారన కూలబడేవి.

ఆ దొడ్డిలో గున్నమ్మ అనే టర్కీ కోడి ఉండేది. ఒకప్పుడు దానికి తోడు పెద్ద మందే ఉండేది. ఏదో విందుకని బుట్టలకెత్తి ఒక్కొక్కదాన్నే పట్టుకుపోయారు. చివరికి ఇదొక్కటీ మిగిలింది. వయసు మళ్ళింది, మాంసం గట్టిపడిందని రైతు దీని జోలికి రాలేదు. గుడ్లు పెట్టేది కానీ మగతోడు లేదు కాబట్టి అవి పొదిగినా పిల్లలు కావు. గున్నమ్మకి ఆ సంగతి తెలుసు. తెలిసినా కొన్నాళ్ళు పొదుగుతూ కూర్చుంది. తర్వాత లేచి, ఆ గుడ్లకి వేరే పని చూసింది.

పశువులకి ఉలవలు ఉడకబెట్టే పొయ్యి ఒకటి కొట్టం పక్కన ఉండేది. పనివాళ్ళు ఇళ్ళకి వెళ్ళాక దాంట్లో నిప్పులు ఇంకా ఎర్రగానే ఉండేవి. గున్నమ్మ ఆ నిప్పుల మీద చిన్న కుండ పెట్టి, కళ్ళంలో రాలిన పెసలో, జొన్న నూకో వేసి, పలచటి కట్టు కాచి, తన గుడ్డు కొట్టి కలిపేది. దొడ్డిలో ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా వాళ్ళ ముందు ఆ కుండే పెట్టేది.

"కారాలు, నూనెలు ఈ పూట వద్దు గంగులన్నా. అలిసిన ఒంటికి తేలిగ్గా దిగాలి" అనేది.

గంగులు కళ్ళు మూసుకుని తాగి, "ఇప్పుడు మళ్ళీ మనిషినయ్యాను" అనేవాడు. తను ఎద్దునన్న సంగతి ఆ క్షణంలో గుర్తుండేది కాదు.

ఇక కొండ మీద సంగతి. అక్కడి గుహలో ఒక చిరుత ఉండేది. అందరూ దొర అనేవాళ్ళు. దొరకి పళ్ళు కదిలిపోయాయి, చిగుళ్ళు వాచాయి, పరిగెత్తితే ఆయాసం. దాని దగ్గర పుల్లయ్య అనే నక్క కొలువు చేసేది. దొర నీడ లేకపోతే తోడేళ్ళు దాన్ని బతకనివ్వవు. అందుకని దొర బదులు వేటకి అదే తిరిగేది. చచ్చిన పందో, కుంటి కుందేలో ఎక్కడ దొరికితే అక్కడినుంచి ఈడ్చుకొచ్చేది. ఈడ్చి ఈడ్చి దాని నడుము విరిగిపోయింది.

ఆ రోజు సాయంత్రం దొర పొట్ట పట్టుకుని మూలుగుతున్నాడు.

"ఒరేయ్ పుల్లయ్యా, నువ్వు తెచ్చిన పందికొవ్వు గుండెల మీద బండరాయిలా కూర్చుందిరా. నాకిలాంటివి వద్దు. మెత్తగా, తేలిగ్గా ఉండేది ఏదన్నా పట్రా."

"చిత్తం దొరా."

"ఈసారి కూడా కొవ్వు తెచ్చావంటే నిన్నే తింటాను. నీ ఒంట్లో కొవ్వు లేదు కదా."

పుల్లయ్య బయటికొచ్చి బండ మీద కూలబడింది. మళ్ళీ వేట. మళ్ళీ ఈడ్పు. కాళ్ళు కదలనంటున్నాయి. అప్పుడు కింద దొడ్డిలోంచి పొగ సన్నగా లేస్తూ కనిపించింది. ఆ పొగ పక్కన గున్నమ్మ. కొవ్వు లేని తెల్లటి మాంసం. ఎగరలేదు, పరిగెత్తలేదు. అన్నిటికన్నా గొప్ప సంగతి, ఈడ్చుకురావక్కర్లేదు. నచ్చచెబితే తనంతట తనే కొండెక్కుతుంది. రొమ్ము దొరకి, కాళ్ళు తనకి. ఆ తర్వాత పడుకోవచ్చు. పుల్లయ్య నోట్లో నీళ్ళూరింది మాంసానికి కాదు, ఆ పడకకి.

కంచె దగ్గరికి వచ్చి పిలిచింది.

"అక్కా! గున్నమ్మక్కా!"

గున్నమ్మ కుండ దించకుండానే తల తిప్పింది. "ఏం పుల్లయ్యా? దారి తప్పావా?"

"దారి తప్పలేదక్కా. మా పెద్దాయనకి ఒంట్లో బాగాలేదు. ఏం పెట్టినా సయించట్లేదు, పళ్ళు పోయాయి. రాత్రంతా మూలుగుతాడు, నన్ను పడుకోనివ్వడు. నేనా వండలేను. నీ చేతి కట్టు ఒక్క గిన్నె పడితే తేరుకుంటాడని ఆశ."

"ఇక్కడే కాచిస్తాను, పట్టుకుపో."

"కొండెక్కేసరికి చల్లారిపోతుందక్కా. వేడివేడిగా తాగితేనే కదా గుణం."

గంగులు పడుకున్నచోటినుంచే ఒక కన్ను తెరిచాడు. "గున్నమ్మా, నక్క మాట నమ్మి వెళ్తావా?"

గున్నమ్మ పుల్లయ్య మొహంలోకి చూసింది. కళ్ళు గుంటలు పడ్డాయి. నాలుక వేలాడుతోంది. నిలబడలేక కంచెకి ఆనుకుంది. ఆ అలసట నిజమైనదే. నిజమైన అలసట పక్కన నిలబడ్డందుకే అబద్ధం కూడా నిజంలా కనబడింది.

"మాట నమ్మలేదన్నా" అంది గున్నమ్మ. "ఆ మొహాన్ని నమ్మాను. ఇంట్లో రోగి ఉంటే పడే పాట్లు అలాగే ఉంటాయి."

గంగులు ఇంకేదో అనబోయాడు. కానీ మాట బయటికొచ్చేలోపే నిద్ర ముంచేసింది.

గున్నమ్మ చిన్న మూటలో పెసరపప్పు, మిరియాలు, అల్లం ముక్క, ఉప్పు, పొద్దున పెట్టిన గుడ్డు కట్టుకుంది. పొయ్యిలోని నిప్పులు వేసిన కుండ మటుకు పుల్లయ్య మోయాల్సి వచ్చింది. "ఇదేం తిప్పలు" అని పళ్ళ మధ్యన గొణుక్కుంది పుల్లయ్య. దారి పొడుగునా ఇద్దరూ ఆగి ఆగి రొప్పుతూ ఎక్కారు. ఒకచోట గున్నమ్మే, "కాసేపు కూర్చో తమ్ముడూ, నువ్వు పడిపోయేట్టున్నావు" అంది. పుల్లయ్య దాని వంక చూడకుండా కూర్చుంది.

గుహ లోపల అడుగు పెట్టాక గున్నమ్మకి రెండు పచ్చని కళ్ళు కనిపించాయి. తర్వాత మచ్చలు. తర్వాత పంజా.

దొర మెడ ఎత్తి చూశాడు. "ఏంట్రా ఇది? వంటమనిషిని తెచ్చావా, వంటనా?"

"రెండూ ఒకటే దొరా. ఎగరలేదు, పరిగెత్తలేదు" అంది పుల్లయ్య, కుండ కింద పెడుతూ.

గున్నమ్మ ఉన్నచోటనే కూలబడింది. బుట్టల్లో వెళ్ళిపోయిన తన వాళ్ళందరూ ఒక్కసారి కళ్ళముందు తిరిగారు. వాళ్ళు ఆ రోజు ఎంత అరిచారో, ఆ అరుపుల వల్ల ఏమీ కాలేదని కూడా జ్ఞాపకం వచ్చింది. అందుకని అది అరవలేదు. ఊపిరి కూడగట్టుకుని దొర వైపు చూసింది. పొట్ట ఉబ్బి డప్పులా ఉంది. చిగుళ్ళు ఎర్రగా వాచాయి. పంజా ఎత్తుతున్నాడు కానీ ఎత్తడానికే కష్టపడుతున్నాడు.

"దొరా, పందికొవ్వు తిన్నారా?" అంది.

పంజా ఆగింది. "నీకెలా తెలుసు?"

"పొట్ట చెబుతోంది. నేను ముసలిదాన్ని దొరా, నా కండ నారలా ఉంటుంది. ఈ చిగుళ్ళతో నమలలేరు. నమలకుండా మింగితే ఆ కొవ్వు మీద నేను కూర్చుంటాను. రాత్రంతా ఇద్దరం కలిసి మిమ్మల్ని పడుకోనివ్వం. ముందు పొట్ట కుదుటపడనివ్వండి. వెచ్చగా ఒక గిన్నె కట్టు కాచిస్తాను. ఆ తర్వాత మీ ఇష్టం."

"దొరా, ఇదంతా కాలయాపన!" అని పుల్లయ్య లేచింది.

"ఎక్కడికి పోతుందిరా? ఎగరలేదు, పరిగెత్తలేదు. నువ్వే కదా చెప్పావు." దొర మళ్ళీ వెనక్కి వాలాడు. "ఏం కావాలే నీకు?"

"పొయ్యికి రాళ్ళు, కట్టెలు, కుండెడు నీళ్ళు."

"విన్నావురా పుల్లయ్యా?"

పుల్లయ్య కుండలోని నిప్పులు రాళ్ళ మధ్య పోసి, వాగులోకి దిగి నీళ్ళు తెచ్చింది. కట్టెలు ఏరింది. అవి పచ్చివని గున్నమ్మ అంటే మళ్ళీ వెళ్ళి ఎండువి తెచ్చింది. ఆ నిప్పుల మీద ఊది ఊది మంట చేసింది. పొగకి కళ్ళనీళ్ళు కారుతుంటే, "ఇంకెంతసేపు?" అని అడుగుతూనే ఉంది.

"పప్పు మెత్తబడాలి తమ్ముడూ. తొందరపడితే గొంతులో గరగరలాడుతుంది."

పప్పు ఉడికి కరిగింది. గున్నమ్మ దాన్ని మెదిపి, నీళ్ళు పోసి పలచగా చేసి, అల్లం చితక్కొట్టి వేసింది. మిరియాలు రాతి మీద నూరి చల్లింది. పొంగు రాగానే మంట తగ్గించి, గుడ్డు కొట్టి సన్నటి ధారగా పోస్తూ గరిటె బదులు ఎండుపుల్లతో తిప్పింది. పని అలవాటైంది కాబట్టి దాని చేతులు, అంటే రెక్కలు, ఎక్కడా తడబడలేదు. మిరియాల ఘాటు, అల్లం వాసన గుహంతా నిండాయి.

దొర మొదటి గుటక వేశాడు. రెండో గుటక వేశాడు. ఆ తర్వాత కుండలోనే తల పెట్టేశాడు. ఖాళీ అయ్యాక పెద్దగా తేన్చి, గోడకి ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు.

"మా అమ్మ" అన్నాడు చాలాసేపటికి. "నాకు పళ్ళు రానప్పుడు తను నమిలి మెత్తగా చేసి నోట్లో పెట్టేది. ఆ తర్వాత ఇంత మెత్తగా నాకెవరూ పెట్టలేదు."

పుల్లయ్య ఆగలేకపోయింది. "పొట్ట కుదుటపడింది కదా దొరా. ఇక దీని పని చూద్దామా?"

గున్నమ్మ దొర వైపు తిరిగి అడిగింది.

"చూడండి దొరా. ఈ పూట నన్ను తింటారు. మరి రేపు రాత్రికి?"

దొర ఒక కన్ను తెరిచి పుల్లయ్య వైపు తిప్పాడు.

"రేపేంట్రా?"

"రేపు... చూస్తాను దొరా. ఏదో ఒకటి."

"ఏదో ఒకటంటే మళ్ళీ పందేనా?"

పుల్లయ్య తోక ముడుచుకుంది.

"ఏమే టర్కీ, రేపు కూడా వండుతావా?"

"నేను రోజూ ఈ కొండెక్కలేను దొరా. ఎక్కితే దారిలోనే ప్రాణం పోతుంది. కానీ గుడ్డు పెట్టిన రోజున కంచె పక్కన గడ్డిలో పెడతాను, దానితో పాటు గుప్పెడు పెసలు కూడా. గుడ్డు లేని రోజు ఉత్తి కట్టు తాగినా తప్పులేదు. వండే పద్ధతి పుల్లయ్యకి నేర్పుతాను. ఇప్పుడు పక్కనే కూర్చుని చూశాడు కదా, సగం వచ్చేసింది."

"నాకేం రాలేదు!" అంది పుల్లయ్య.

"నేర్చుకుంటావు" అన్నాడు దొర.

"ఒక్క మాట దొరా" అంది గున్నమ్మ. "బెదిరిన కోడి గుడ్డు పెట్టదు. దొడ్డిలో నాకే కాదు, పక్కనున్న మేకకి భయం వేసినా, ఆ అరుపు వింటే నాకు గుడ్డు ఆగిపోతుంది. ఈ కొండనుంచి ఎవరూ దొడ్డి లోపల కాలు పెట్టకుండా ఉంటేనే మీ గిన్నె నిండుతుంది."

దొర ఆ మాట గురించి ఆలోచించాడు. ఆలోచించడానికి పెద్దగా ఏమీ లేదు. పొట్ట వెచ్చగా ఉంది, చిగుళ్ళు నొప్పెట్టట్లేదు, ఎన్నాళ్ళకో నిద్ర కళ్ళమీదికి వస్తోంది.

"పుల్లయ్యా, తోడేళ్ళు కంచె దాటకుండా చూసే పని నీది. గుడ్డు పగలకుండా తెచ్చే పని నీది. దీన్ని జాగ్రత్తగా ఇంటికి దింపిరా. ఈక రాలినా లెక్క నీ చర్మంలోంచే."

ఇద్దరూ కొండ దిగారు. కంచె దగ్గర గున్నమ్మ ఆగి, "నీకు ఒంట్లో బాగాలేనప్పుడు కూడా ఒక గిన్నె కాచుకో పుల్లయ్యా. నీ మొహం నిజంగానే బాగాలేదు" అంది. ఎగతాళికి కాదు. చూసింది కాబట్టి చెప్పింది. తర్వాత కొట్టంలోకి పోయి, గంగులు పొట్టకి ఆనుకుని కూర్చుంది. చాలాసేపు కునుకు పట్టలేదు. దొడ్డిలో ఎవరూ లేవలేదు, ఎవరికీ ఏమీ తెలియలేదు.

చెరకు కోతల నాటికి పుల్లయ్య మేనమామ కొడుకు ఒకడు కొండకి వచ్చాడు. గుహ ముందు పుల్లయ్య పొయ్యి ఊదుతోంది. మూతి మీద వెంట్రుకలు కాలిపోయాయి, కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"బావా, కింద చెరకు తోటలో ఎలుకలు విరివిగా ఉన్నాయి. వస్తావా?"

"రాలేను. పప్పు పొంగుతుంది."

"పొద్దున్నే వెళ్ళొద్దాం."

"పొద్దున్న కట్టెలు ఏరాలి. మధ్యాహ్నం కంచె కాయాలి. సాయంత్రం గుడ్డు నోట్లో పెట్టుకుని కొండెక్కాలి. నోట్లో గుడ్డుంటే తుమ్మడానికి కూడా లేదు."

"ఇంత చాకిరీ నీ నెత్తిన ఎవరు పెట్టారు బావా?"

పుల్లయ్య జవాబు చెప్పబోయి, లోపలినుంచి కేక వినబడి ఆగింది.

"ఒరేయ్ పుల్లయ్యా! నిన్న మిరియాలు ఎక్కువయ్యాయి, ఈ రోజు తగ్గించు. గున్నమ్మ చేసినట్టు పలచగా రావాలి!"

"చిత్తం దొరా" అని పుల్లయ్య మళ్ళీ పొయ్యిలోకి వంగింది.

నీతి: తన అలసట తీరడానికి ఎదుటివాళ్ళ ప్రాణం అడిగినవాడికి అలసట తీరదు, పని రెట్టింపవుతుంది.